కబడ్డీ మ్యాచ్‌కు పాయింట్లు రాయడం ఎలా?

సంక్రాంతి దగ్గర పడుతోందంటే చాలు, నల్లగొండ వైపు నుంచీ పాలమూరు వైపు నుంచీ ఒకటే ప్రశ్న. "అన్నా, ఊర్ల కబడ్డీ పెడుతున్నం, పాయింట్లు రాసుడెట్ల?" ఆడేవాళ్లకు ఆట తెలుసు, చూసేవాళ్లకు ఇంకా బాగా తెలుసు (వాళ్లకు తెలిసినంత అంపైర్‌కు కూడా తెలియదని వాళ్ల గట్టి నమ్మకం), పెన్ను పట్టుకుని బల్ల దగ్గర కూర్చునేవాడికే సగం తెలుసు. డిగ్రీ చదివే పిల్లగాడెవరినో పట్టుకొచ్చి, "నీ రాత మంచిగుంటది, నువ్వు రాయి" అని కూర్చోబెడతారు. రాత బాగుంటే సరిపోదు కదా.

ముందే ఒకటి చెప్తాను, ఇది పట్టుకుంటే మిగతాదంతా సులువు. కాగితం మీద పాయింట్లు ఒక్కటే రాయకండి, ప్రతి రైడ్ అయ్యాక రెండు జట్లలో లోపల ఎంతమంది ఉన్నారో పక్కనే రాయండి. బోనస్ (బోనస్ గీత దాటితే వచ్చే పాయింటు) ఉందా లేదా, సూపర్ ట్యాకిల్ (తక్కువమంది ఉండి రైడర్‌ను పట్టడం) అవునా కాదా, లోనా (జట్టు మొత్తం ఔటవడం) పడిందా లేదా, అన్నీ ఆ అంకె మీదే తేలుతాయి. ఊరి టోర్నీల్లో పెద్ద గొడవలు పట్టు దగ్గర కంటే ఈ అంకె దగ్గరే ఎక్కువ పుడతాయి.

ఏమేం కావాలి

- గీతలున్న లాంగ్ నోటుబుక్కు ఒకటి. విడి కాగితాలు వద్దు, గాలికి ఎగిరిపోతాయి, పైగా "ఆ పేజీ ఏదీ" అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు.
- రెండు రంగుల పెన్నులు, జట్టుకొకటి. పెన్సిల్, రబ్బరు అస్సలు వద్దు.
- స్టాప్‌వాచీలు రెండు, ఒకటి మ్యాచ్ టైముకు, ఒకటి 30 సెకన్ల రైడ్‌కు. సెల్‌ఫోన్లో చూస్తామంటే చూడండి గానీ, ఫైనల్ మధ్యలో మామయ్య కాల్ వస్తే ఏమవుతుందో ఆలోచించుకోండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.
- జనానికి కనబడేలా నల్ల బోర్డు, చాక్‌పీసులు.
- మనుషులు: పుస్తకం రాసే స్కోరర్‌గా మీరు ఒకరు, ఔటైన వాళ్లు కూర్చునే చోట జట్టుకొకరు చొప్పున ఇద్దరు అసిస్టెంట్లు. పెద్ద పోటీల్లో కూడా ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరర్, ఇద్దరు అసిస్టెంట్ స్కోరర్లు ఉంటారు. మనుషులు దొరకకపోతే అంపైర్లలో ఒకరిని తగ్గించుకున్నా ఆట నడుస్తుంది గానీ, ఔటైన వాళ్ల దగ్గర కూర్చునే వాళ్లను మాత్రం తగ్గించకండి.

1. టాస్‌కు ముందు: రూల్స్ తేల్చుకోండి

రెండు జట్ల కెప్టెన్లనూ, అంపైర్‌నూ బల్ల దగ్గరికి పిలిచి ఇవి అడిగి పుస్తకం మొదటి పేజీలో రాసి సంతకాలు తీసుకోండి. ఎన్ని నిమిషాల ఆట? (మగవాళ్లకు 20-5-20, ఆడపిల్లలకు, చిన్నపిల్లలకు 15-5-15 అనేది మామూలు పద్ధతి. ఒకే రోజులో పదహారు జట్లను లాగించాల్సిన ఊరి టోర్నీలో దాన్ని తగ్గించుకుంటారు, తప్పేం లేదు.) సూపర్ ట్యాకిల్ ఉందా? డూ ఆర్ డై రైడ్ (వరుసగా రెండు ఖాళీ రైడ్ల తర్వాత పాయింటు తెచ్చి తీరాల్సిన మూడో రైడ్) ఉందా? ఇవి టీవీలో ప్రో కబడ్డీ వచ్చాక జనానికి బాగా అలవాటైనవి, పాత పద్ధతిలో ఆడేవాళ్లు ఇప్పటికీ ఇవి లేకుండానే ఆడతారు. ఏడుగురు రాకుండా ఐదారుగురితో ఒక జట్టు దిగితే ఏం చేయాలన్నది కూడా అప్పుడే అడగండి.

లాబీ (కోర్టుకు రెండు పక్కలా ఉండే పట్టీ) గురించి మరీ గట్టిగా అడగండి. రైడర్ ఎవరినీ తాకకుండా లాబీలోకి అడుగుపెడితే ఔట్, అక్కడి దాకా అందరికీ తెలుసు. మరి వాడి వెనకే లాబీలోకి దూకిన డిఫెండర్ల సంగతి? హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల మగవాళ్ల ఫైనల్ 2023లో సరిగ్గా దీని మీదే ఆగిపోయింది. భారత్, ఇరాన్ 28-28 మీద ఉన్నాయి, పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై రైడ్‌కు వెళ్లి టచ్ లేకుండానే లాబీలోకి పోయాడు, ఇరాన్ వాళ్లు వెంటపడ్డారు, పాత రూల్ ప్రకారం ఒక లెక్క, కొత్త రూల్ ప్రకారం ఇంకో లెక్క. ఆట చాలాసేపు ఆగింది, చివరికి 33-29తో భారత్ గెలిచింది. అంత పెద్ద చోటనే అట్లా అయితే మన ఊరి బడి గ్రౌండ్‌లో సున్నం గీతల మధ్య ఎట్లా ఉంటుందో చెప్పనక్కర లేదు.

2. పేజీ ఇలా గీసుకోండి

అడ్డంగా ఏడు గడులు: రైడ్ నంబరు, రైడర్ బనియన్ నంబరు, ఔట్ పాయింట్లు, బోనస్, అదనం (లోనా, సూపర్ ట్యాకిల్, టెక్నికల్), స్కోరు, లోపల ఎంతమంది. చివరి రెండు గడుల్లో రెండు జట్లవీ పక్కపక్కన రాయాలి, 12-9 అన్నట్టు. ప్రతి రైడ్‌కూ ఒక వరుస. పాయింటు రాని రైడ్‌కు కూడా వరుస ఉండాలి, అది వదిలేస్తే డూ ఆర్ డై లెక్క పోతుంది.

అచ్చేసిన స్కోర్ షీట్లు దొరికితే వాడండి, అందులో అంకెలు వరుసగా ఉంటాయి, కొట్టుకుంటూ పోవడమే. నా మట్టుకు కొత్తవాళ్లకు నోటుబుక్కే మేలు, ఎందుకంటే వెనక్కి వెళ్లి "ఫలానా రైడ్‌లో ఏమైంది" అని చూపించొచ్చు.

3. దేనికి ఎన్ని

ఒకరు ఔటైతే ఎదుటి జట్టుకు 1. రైడర్ ముగ్గురిని తాకి వస్తే 3. నలుగురు పట్టుకున్నా విదిలించుకుని నడి గీత తాకితే పట్టుకున్న ఆ నలుగురూ ఔట్, 4. రైడర్ దొరికిపోతే డిఫెన్స్‌కు 1, ఎంతమంది కలిసి పట్టుకున్నా ఒకటే. డిఫెండర్ తనంతట తాను గీత దాటి బయట కాలు పెడితే కూడా ఔటే, 1. రైడర్ బాక్ లైన్ (నడి గీతకూ బోనస్ గీతకూ మధ్యనుండే గీత) దాటకుండా, ఎవరినీ తాకకుండా తిరిగొస్తే వాడే ఔట్. కూత తెగితే ఔట్. కూత ఆలస్యంగా మొదలుపెడితే మాత్రం ఔట్ కాదు, ఎదుటివాళ్లకు టెక్నికల్ పాయింట్, రైడ్ కూడా వాళ్లకే పోతుంది.

బోనస్ 1. ఎదుటి జట్టులో లోపల ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడే. కాలు బోనస్ గీత పూర్తిగా దాటాలి, అదే సమయంలో వెనక కాలు గాలిలో ఉండాలి, ఇదంతా టచ్ గానీ పట్టు గానీ జరగకముందే అయిపోవాలి. బోనస్ తీసుకున్నాక దొరికిపోయినా ఆ బోనస్ పోదు, రైడర్ జట్టుకు 1, పట్టుకున్న జట్టుకు 1.

లోనా 2. ఒక జట్టు మొత్తం ఖాళీ అయినప్పుడు, ఆఖరి ఔట్ల పాయింట్లకు పైన ఈ రెండూ. లోపల ఇద్దరే ఉండగా రైడర్ ఇద్దరినీ తాకొస్తే 2+2, మొత్తం 4. చాలామంది 2 అని రాసేస్తారు, లేదంటే 4కు మళ్లీ 2 కలుపుతారు.

సూపర్ ట్యాకిల్: లోపల ముగ్గురు లేదా అంతకంటే తక్కువ ఉండి రైడర్‌ను పడితే ఒకటి అదనం, మొత్తం 2.

సూపర్ రైడ్, సూపర్ 10, హై 5 అని టీవీలో వింటుంటారు కదా, అవి పేర్లే. ఒక రైడ్‌లో మూడో అంతకంటే ఎక్కువో వస్తే సూపర్ రైడ్, ఒక ఆటగాడికి పది రైడ్ పాయింట్లు వస్తే సూపర్ 10, ఐదు ట్యాకిల్ పాయింట్లు వస్తే హై 5. స్కోరుకు వాటివల్ల ఒక్క పాయింటు కూడా కలవదు. మైకు పట్టుకున్న అన్న "సూపర్ రైడ్, సూపర్ రైడ్" అని అరిచినంత మాత్రాన చేయి జారొద్దు.

4. ఎవరు లోపలికి వస్తారు, ఎవరు రారు

అసలు తప్పులన్నీ ఇక్కడే. ఎదుటి జట్టు ఆటగాడు ఒకడు ఔటైతే, మన జట్టులో బయట కూర్చున్నవాడు ఒకడు లోపలికి వస్తాడు. ముందు ఔటైనవాడే ముందు రావాలి. మంచి రైడర్‌ను ముందుకు తోసి పంపించడం ఊళ్లలో మామూలే, అందుకే ఆ అసిస్టెంట్ దగ్గర ఔటైన వరుసలో బనియన్ నంబర్లు ఉండాలి, పిలిచినప్పుడు పై నంబరు కొట్టేసి పంపాలి.

బోనస్‌కు ఎవరూ రారు. టెక్నికల్ పాయింటుకు ఎవరూ రారు. లోనా రెండు పాయింట్లకు ఎవరూ రారు (ఖాళీ అయిన జట్టు మాత్రం ఏడుగురితో మళ్లీ దిగుతుంది). సూపర్ ట్యాకిల్‌కు పాయింట్లు రెండొచ్చినా మనిషి ఒక్కడే వస్తాడు.

అంటే ఔట్ పాయింటుకే మనిషి. ఈ ఒక్క వాక్యం పుస్తకం అట్ట మీద రాసుకోండి.

5. ఒక ఐదు రైడ్లు రాసి చూద్దాం

ఎర్ర బనియన్లు, నీలం బనియన్లు. చెరి ఏడుగురు, 0-0.

మొదటి రైడ్ ఎర్రది, ఇద్దరిని తాకి వచ్చాడు. స్కోరు 2-0. లోపల ఎర్ర 7, నీలం 5.

రెండోది నీలం. ఎర్రలో ఏడుగురున్నారు కాబట్టి బోనస్ ఉంది, రైడర్ బోనస్ ఒక్కటే తీసుకుని వచ్చాడు. 2-1. లోపల 7, 5. నీలం బెంచీ మీది నుంచి ఒకడు లేచి లోపలికి నడుస్తుంటాడు చూడండి, ఆపండి.

మూడోది ఎర్ర. కాలు బోనస్ గీత దాటింది, జనం అరిచారు, మైకులో "బోనస్" అనేశారు. నీలంలో ఐదుగురే, బోనస్ లేదు. 2-1 అలాగే, లోపల 7, 5. ఎర్రకు ఒక ఖాళీ రైడ్.

నాలుగోది నీలం, ఒకరిని తాకాడు. 2-2. ఎర్ర 6కు దిగింది, నీలం ఒకడు లోపలికి, 6.

ఐదోది ఎర్ర. ఇప్పుడు నీలంలో ఆరుగురు, కాబట్టి బోనస్ మళ్లీ తెరుచుకుంది. రైడర్ బోనస్ తీసుకున్నాడు, తిరుగుతుంటే చీలమండ పట్టేశారు. ఎర్రకు 1, నీలంకు 1, స్కోరు 3-3. లోపల ఎర్ర 5, నీలం 7.

రెండో రైడ్‌లో ఆ ఒక్కడిని పొరపాటున పంపి ఉంటే, మూడో రైడ్‌లో లేని బోనస్ ఇచ్చేసి ఉండేవాళ్లు. ఒక మనిషి తప్పు తర్వాతి రైడ్‌లో పాయింటు తప్పవుతుంది.

6. రాసేటప్పుడు పద్ధతి

మీ కళ్లతో లెక్కపెట్టి రాయకండి. దుమ్ములో నలుగురు ఒకరి మీద ఒకరు పడి ఉంటే ఎవరు తాకారో బల్ల దగ్గరికి కనబడదు, కనబడినా అది మీ పని కాదు. విజిల్, అంపైర్ చేయి, ఎన్ని వేళ్లు చూపించాడు, ఎటు చూపించాడు, తర్వాత పెన్ను. సైగ అర్థం కాకపోతే తర్వాతి రైడ్ మొదలుకాకముందే చేయెత్తి ఆపి అడగండి. సిగ్గుపడి ఊరుకుంటే ఐదు నిమిషాల తర్వాత ఆ పాయింటు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

రాసిన అంకె తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన కొత్తది రాసి అంపైర్‌తో పొట్టి సంతకం పెట్టించండి. దిద్ది దిద్ది నల్లగా చేస్తే, ఓడిపోయిన జట్టుకు ఆ మచ్చ చాలు.

డూ ఆర్ డై ఉంటే ప్రతి ఖాళీ రైడ్ పక్కన ఒక చుక్క పెట్టండి. ఒక జట్టువి వరుసగా రెండు చుక్కలయ్యాయంటే ఆ జట్టు తర్వాతి రైడ్‌కు ముందే అంపైర్‌కు చెప్పాలి, అది మూడో రైడ్. అందులో పాయింటు రాకపోతే రైడర్ ఔట్, ఎదుటివాళ్లకు 1, ఇది ఔటే కాబట్టి మనిషి కూడా లోపలికి వస్తాడు. లోపల ఆరుగురుంటే బోనస్ తీసుకున్నా గండం గడిచినట్టే. చుక్కలు ఏ జట్టువి ఆ జట్టువే, మధ్యలో ఎదుటివాళ్లు పాయింటు తెచ్చినంత మాత్రాన మీవి చెరిగిపోవు.

టైమ్ అవుట్ జట్టుకు ఒక్కో సగంలో రెండు, ఒక్కోటి 30 సెకన్లు. అడిగిన వెంటనే గడియారం ఆపి, పుస్తకంలో ఎవరు అడిగారో రాయండి.

పక్కన నిలబడి "గా పాయింట్ మాదే అన్నా, రాయి" అనే బంధువులను బల్లకు దూరంగా ఉంచండి. తాడు కట్టించండి, వినకపోతే పీఈటీ సార్‌ను అటువైపు నిలబెట్టండి, సారు చూస్తుంటే చిన్నప్పటి భయం కొద్దీ కాస్త తగ్గుతారు.

7. సరిచూసుకోవడం

ఆట జరుగుతుండగా ఒక చూపు చాలు. ప్రతి రైడ్ తర్వాత కోర్టులో తలలు లెక్కపెట్టి మీ చివరి గడితో పోల్చండి. తేడా వస్తే అప్పుడే విజిల్ వేయించండి. లోపల ఉన్నవాళ్లు, బయట కూర్చున్నవాళ్లు కలిపి ఏడే రావాలి (కార్డు చూపించి బయట కూర్చోబెట్టినవాడుంటే వాడిని విడిగా రాయండి).

సగం ఆట అయ్యాక, ఆట ముగిశాక, రెండు లెక్కలు చేయండి.

మొదటిది పాయింట్ల కూడిక. ఎర్రకు 34 వచ్చాయనుకోండి. నీలం ఔట్లు 22, బోనస్ 5, రెండు లోనాలకు 4, సూపర్ ట్యాకిల్ అదనం 2, టెక్నికల్ 1. కలిపితే 34. గడుల వారీగా కూడిన మొత్తం, చివరి వరుసలోని స్కోరు ఒకటే కావాలి.

రెండోది మనుషుల లెక్క, దీన్ని ఎవరూ చేయరు, దొంగ పాయింటు పట్టిచ్చేది మాత్రం ఇదే. నీలం మొత్తం 22 సార్లు ఔటయ్యారు. రెండు లోనాల్లో ఏడేసి చొప్పున 14 మంది తిరిగొచ్చారు, మిగిలింది 8. అసిస్టెంట్ కాగితంలో విడిగా లోపలికి పంపినవాళ్లు 6 అని ఉంటే, ఆఖరి విజిల్‌కు నీలంలో 2 బయట, 5 లోపల ఉండాలి. కోర్టులో చూడండి. ఐదుగురుంటే మీ పుస్తకం నిక్కచ్చిగా ఉన్నట్టు. నలుగురో ఆరుగురో ఉంటే ఏదో ఒక ఔట్ రాయలేదు, లేదా బోనస్‌కు మనిషిని పంపేశారు. వెనక్కి వెళ్లి చివరి గడి ఎక్కడ గెంతిందో చూస్తే దొరుకుతుంది. ఇది ఆటగాళ్లు కోర్టు దిగకముందే చేయాలి, జనం లోపలికి వచ్చారంటే ఇక తలలు లెక్కపెట్టలేరు.

బోర్డు మీద చాక్‌పీసుతో రాసేవాడి అంకెకూ మీ అంకెకూ తేడా వస్తే పుస్తకమే ఫైనల్. ఈ మాట కూడా మొదటి పేజీలో ఉండాలి.

లెక్క కుదిరాక ఇద్దరు కెప్టెన్లు, రిఫరీ సంతకాలు, ఆ పేజీకి ఫోన్లో ఫొటో.

8. స్కోరు సమానమైతే

లీగ్ మ్యాచ్ అయితే టై అని వదిలేయొచ్చు. నాకౌట్ అయితే జట్టుకు ఐదు రైడ్ల పద్ధతి ఉంది. రెండు జట్లూ ఏడుగురితో నిలబడతాయి, ఒకరి తర్వాత ఒకరు మార్చి మార్చి రైడ్ చేస్తారు. ఇందులో ఔటైనవాళ్లు బయటికి పోరు, ఎవరూ లోపలికి రారు, పాయింట్లే లెక్క. బాక్ లైన్‌నే బోనస్ లైన్‌గా కూడా తీసుకుంటారు. దీనికి కొత్త పేజీ తెరవండి, పాత వరుసల కిందే రాస్తే "లోపల ఎంతమంది" గడి గందరగోళం అవుతుంది. అప్పటికీ సమానమైతే టాస్ వేసి గోల్డెన్ రైడ్ (గెలుపు తేల్చే రైడ్).

9. టోర్నీ పట్టిక

గెలిస్తే 2, టై అయితే 1, ఓడితే 0. ఊరికి ఇది చాలు. ప్రో కబడ్డీ చాలా సీజన్లలో గెలుపుకు 5, టైకి 3, ఏడు లేదా అంతకంటే తక్కువ పాయింట్ల తేడాతో ఓడితే 1 ఇచ్చింది. అలా పెడితే ఓడుతున్న జట్టు కూడా ఆఖరి నిమిషం దాకా పెనుగులాడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ పట్టిక రాసేవాడికి పని పెరుగుతుంది, జట్లు ఎనిమిది దాటితే నేనైతే 2-1-0కే ఓటేస్తాను.

రెండు జట్లు సమానంగా నిలిస్తే స్కోరు తేడా చూడాలి, అంటే అన్ని మ్యాచుల్లో వేసిన పాయింట్లలోంచి ఇచ్చుకున్న పాయింట్లు తీసేయాలి. మూడు మ్యాచుల్లో 96 వేసి 81 ఇచ్చినవాళ్లకు +15, 110 వేసి 99 ఇచ్చినవాళ్లకు +11. మొదటి జట్టే ముందు, ఎక్కువ పాయింట్లు వేసింది రెండోది అయినా సరే. ఐదు రైడ్లలో వచ్చిన పాయింట్లను ఇందులో కలపకండి. ప్రత్యర్థి రాక ఊరికే గెలిచిన మ్యాచ్‌కు 2 పాయింట్లు ఇవ్వండి గానీ తేడాలో సున్నా వేయండి, లేకపోతే ఎవరికి తోచిన అంకె వాళ్లు చెప్తారు. తేడా కూడా సమానమైతే వాళ్లిద్దరూ ఆడుకున్న మ్యాచ్‌లో ఎవరు గెలిచారో చూడండి, అదీ టై అయితే టాస్. ఈ వరుసంతా పోస్టర్ మీద, ఎంట్రీ ఫీజు పక్కనే అచ్చు వేయించండి.